కొలిచేటప్పుడు మాట్లాడరు

ఏప్రిల్ 3

చీకటిగది వదినగారికి సుద్దముక్క మరదలు రాస్తున్నది,

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని మీరు నవ్వుకుంటారు. మీ తమ్ముడి సంగతి తెలుసుగా. నేను ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు, "అక్కేనా? స్పీకర్లో పెట్టు" అంటారు. ఇక నేను అడగాల్సిన ఆడవాళ్ళ సంగతులన్నీ గొంతులోనే ఆగిపోతాయి. పైగా ఆయన రోజంతా లిఫ్టుల గోతుల్లో తాళ్ళకి వేలాడుతూ పనిచేసే మనిషి. పోయినసారి నాకు మూడో నెలలో గర్భం పోయినప్పుడు ఎన్నాళ్ళో ఆయన చెయ్యి వణికింది. ఆ పనిలో చెయ్యి వణకకూడదు వదినా. అందుకని ఈసారి నా భయాలన్నీ మీకే, అవీ కాగితం మీదే.

ఐదో నెల వచ్చింది. నెలనెలా క్లినిక్‌కి పోతున్నాను. బరువు చూస్తారు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు, చిన్న సీసా చేతిలో పెట్టి మూత్రం పట్టి ఇమ్మంటారు. అక్కడి నర్సమ్మ "ఏమంటున్నారమ్మా లోపలి మనిషి?" అని అడుగుతుంది. ఆ పిలుపు నచ్చి నేను అదే పేరు ఖాయం చేశాను.

కుట్టు షాపులో నాకు విపరీతమైన నిద్ర. ఇస్త్రీ ఆవిరి మొహానికి తగలగానే కళ్ళు మూతలు పడతాయి. షాపు నడిపే మా పెద్దావిడ జాలిపడి, సరిచెయ్యడానికి వచ్చిన కోట్ల గుట్ట మీద కాసేపు పడుకోనిస్తోంది. లేచేసరికి చెంప మీద ఎవరిదో గుండీ అచ్చు.

అన్నట్టు, ఇవాళ ఒక లావుపాటాయన కోటు కొలతలకి వచ్చి నన్ను తెగ నవ్వించాడు. "మీరు కొలుస్తున్నారా, కబుర్లు చెబుతున్నారా?" అన్నాడు. మా పనే అంత కదా. కొలిచేటప్పుడు నోరు ఆడుతూనే ఉండాలని మా పెద్దావిడ మొదటిరోజే నేర్పింది. మాటల్లో పడితే మనిషి ఒళ్ళు వదులు చేస్తాడు, అసలు కొలత అప్పుడు దొరుకుతుంది. మేము నోరు మూశామంటే ఒకటే అర్థం. ఒక భుజం కిందికి దిగిందో, వెన్ను వంగిందో, ఏదో వంకర కనబడిందన్నమాట. అది మొహం మీద అనలేం. గప్‌చుప్‌గా కోటు లోపల కాస్త దూది పెట్టి సర్దేస్తాం.

ఈ నెలలో పెద్ద స్కానింగ్ ఉందట. మీరు రోజూ చేసేదే కదా, ఏం చేస్తారో ముందే చెబితే ధైర్యంగా ఉంటుంది. ఇంకో మాట. మీ నెలసరి లెక్క తప్పుతోందని ఆమధ్య అన్నారు. ఎవరికైనా చూపించుకున్నారా?

మీ సుద్దముక్క


ఏప్రిల్ 11

ఒసేయ్ సుద్దముక్కా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. చీకటిగదిలోంచి వచ్చి కారిడార్ చివరి కిటికీ దగ్గర నిలబడి చదివాను. పొద్దుటి నుంచీ ఆ బూడిదరంగు తెర చూసి చూసి వెలుతురులోకి వస్తే, కాసేపు లోకమంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది నాకు. మనుషులు నడవరు, తేలుతారు. నీ అక్షరాలు కూడా కాసేపు అటూ ఇటూ ఈదాయి.

స్కానింగ్‌లో భయపడటానికి ఏముంది? పడుకోబెట్టి పొట్ట మీద చల్లటి జెల్ రాస్తారు. ఒళ్ళు ఝల్లుమంటుంది, రాసినావిణ్ణి తిట్టుకోకు. తల చుట్టూ కొలుస్తారు, తొడ ఎముక కొలుస్తారు, గుండెలో నాలుగు గదులున్నాయా, వెన్నుపూసలు వరసలో ఉన్నాయా చూస్తారు. ఉమ్మనీరు ఎంతుంది, మాయ ఎక్కడ అతుక్కుంది, అదీ చూస్తారు. అయిపోయాక జెల్ తుడుచుకోవడానికి కాగితం ఇస్తారు. ఆ కాగితం ఎప్పుడూ చాలదు, చేతిరుమాలు తీసుకుపో.

ఇన్నేళ్ళయినా నాకు ఒక్క ఆశ్చర్యం తీరలేదే. ఏ ఆడమనిషి వచ్చి పడుకున్నా లోపల అదే వాన. బూడిదరంగు వాన సన్నగా పడుతుంటుంది. ఆ వానలో ఎవరో ఒకరు, ఏ తొందరా లేకుండా, నోట్లో వేలు పెట్టుకుని ఉంటారు. సాయంత్రం ఇంటికి వెళ్ళి కళ్ళు మూసుకున్నా నాకు అదే కనిపిస్తుంది. మీ అన్నయ్యగారు "నిద్రపోతున్నావా, డ్యూటీ చేస్తున్నావా?" అంటారు.

ఒక్క మాట మాత్రం పట్టించుకో. ఆ బీపీ పట్టీ, ఆ చిన్న సీసా, చూడ్డానికి ఏమీ కాని పనులు. వాటిని మాత్రం మానకు. నెలలు నిండే కొద్దీ కొందరికి రక్తపోటు పెరుగుతుంది. మొదట్లో మనిషికి తెలియనే తెలియదు, ఆ పట్టీకే తెలుస్తుంది. చూసుకోకపోతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణం మీదికొస్తుంది.

నా గురించి అడిగావు. కిటికీ బయట చెట్టు చిగురించింది, పేరేమిటో ఇప్పటికీ తెలియదు. పావురాలు మళ్ళీ చేరాయి.

నీ వదిన


ఏప్రిల్ 26

వదినా,

నిన్న స్కానింగ్ అయింది. రాత్రంతా మేలుకునే ఉన్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఆ అమ్మాయి మంచిదే. లోపలికి పిలిచి "చలేస్తోందా? బస్సులో వచ్చారా?" అని నవ్వుతూ అడిగింది. పొట్ట మీద యంత్రం పెట్టిందో లేదో, అంతే. నోరు మూతపడింది. టక్కు, టక్కుమని మీటలు నొక్కడమే. తెర తనవైపు తిప్పుకుంది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. నేను ఊరుకోలేక "మీ కోటు చేతులు కాస్త పొడుగయ్యాయండీ, తెచ్చిస్తే సరిచేసి పెడతాను" అన్నాను. "ఊఁ" అంది. ఆ "ఊఁ" విని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తర్వాత "కాసేపు నడిచి రండి" అని బయటికి పంపింది. కారిడార్‌లో గోడ పట్టుకుని అటూ ఇటూ తిరిగాను. మళ్ళీ పిలిచేసరికి లోపల ఇంకో పెద్దావిడ కూడా ఉంది. ఇద్దరూ కలిసి చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. "ఎలా ఉందండీ?" అంటే "డాక్టరుగారు చెప్తారు" అన్నారు. ఆ డాక్టరమ్మ రాసుకుంటూ, తలెత్తకుండా, "అంతా బాగుందమ్మా, వచ్చే నెల రండి" అంది. కోటులో దూది పెట్టినట్టే అంది వదినా. నాకు తెలియదా ఆ గొంతు? నేను రోజూ వాడే గొంతు అది.

మీ తమ్ముడికి బాగుందన్నారనే చెప్పాను. ఆయన ఫొటోని తలకిందులుగా పట్టుకుని "నా ముక్కే!" అని మురిసిపోయారు. రెండు ఫొటోలిస్తే ఒకటి మీకు పంపుతున్నాను. మీ కంటికి తెలియనిది ఉండదు. చూసి నాకు మాత్రం నిజం రాయండి.

మీ మరదలు


మే 5

సుద్దముక్కా,

ఫొటో వచ్చింది, నలగకుండా పుస్తకంలో పెట్టాను. డాక్టరమ్మ బాగుందన్నాక మళ్ళీ నన్నడగటమేమిటే? మా గదిలో ఉండేవాళ్ళం చూసినదాని గురించి నోరు విప్పం. చెప్పడం డాక్టర్ల పని. పరాయివాళ్ళకైనా, ఇంట్లోవాళ్ళకైనా అదే అలవాటు.

ఇక్కడ కొత్త సంగతేమిటంటే, మా చీకటిగది కిటికీకి తెర మార్చారు. పాతది మధ్యలో చిరిగి, దాంట్లోంచి ఒక వెలుగు గీత వచ్చి సరిగ్గా నా మోకాలి మీద పడేది. పొద్దున మోకాలి మీద ఉంటే సాయంత్రానికి నేల మీదికి పాకేది. దాన్ని చూసి టైము చెప్పేదాన్ని. కొత్త తెర నల్లగా, దట్టంగా ఉంది. ఇప్పుడు లోపల పగలో సాయంత్రమో తెలియక తేలుతున్నాను.

నా తెల్లకోటు జేబు ఊడింది. నువ్వు దగ్గరుంటే కుట్టించుకునేదాన్ని. వేళకి తిను, వేళకి పడుకో, వేళకి క్లినిక్‌కి పో.

వదిన


మే 18

వదినా,

మీ ఉత్తరం అందింది. తెర గురించి రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది. మీరు ఇంకేమీ రాయక్కర్లేదు, నేను ఇంకేమీ అడగను.

ఈ నెల క్లినిక్‌కి పోలేదు. షాపులో పని ఎక్కువగా ఉంది. వచ్చే నెల కూడా కుదురుతుందో లేదో.

నేనూ లోపలి మనిషీ హాయిగా ఉన్నాం. మధ్యాహ్నాలు కోట్ల గుట్ట మీద పడుకుంటే లోపలి నుంచి సూదితో చిన్నచిన్న టాకాలు వేస్తున్నట్టుంటుంది. నేను పొట్ట మీద వేలితో తడితే లోపలి మనిషి బదులు తడతారు. నిన్నొక కల వచ్చింది. బూడిదరంగు గుడ్డ తాను ఒకటి మా షాపు గుమ్మంలోంచి వీధిలోకి, వీధిలోంచి నది మీదికి పరుచుకుంటూ పోతోంది. నేను దాని మీద నడుస్తున్నాను. చేతిలో టేపు లేదు, కత్తెర లేదు. ఎవరూ నన్ను ఎంత పొడుగని అడగలేదు. అంత సుఖమైన కల ఈమధ్య రాలేదు.

మీ గురించి అడిగితే చెట్టు గురించి రాశారు. మీరు చూపించుకోలేదని అందులోనే తెలిసింది. జేబు ఊడిన కోటు పంపండి, కుట్టి పంపుతాను.

మరదలు


మే 27

ఏమే, అలిగావా?

ఫొటో చూసి అబ్బో, ఓహో అని పొగడలేదనేగా ఈ మూతి ముడుచుకోవడం? మేనత్తగా నా వంతు పొగడ్తలన్నీ దాచి ఉంచాను, బయటికి రానీ, దిష్టి తగిలేటంత పొగుడుతాను. అలకలు తర్వాత. ముందు క్లినిక్‌కి పో. కోట్లు ఎక్కడికీ పారిపోవు. తప్పకుండా పో. ఈ వారమే పో. ఒక నెల మానావు చాలు, రెండో నెల మానావంటే నేనే వచ్చి చెవి పట్టుకుని తీసుకుపోతాను. నేను ఊరికే చెప్పను, తెలుసుగా. తప్పకుండా పో.

కోటు పంపుతున్నాను. జేబులో ఉన్న పిప్పరమెంట్లు నీకే.

వదిన


జూన్ 16

బంగారుకొండా,

నిన్న ఫోన్‌లో "ఆఁ, వెళ్ళాను వదినా, అంతా మామూలే" అన్నావు చూడు, ఆ మాటతో గుండెల మీద బరువు దిగింది. పక్కనుంచి మావాడు "చెప్పానుగా అక్కా, మా ఇంట్లో అన్నీ సాఫీగా నడుస్తాయి" అని అరిచాడు. వాడికి మీట నొక్కితే లోకం కదులుతుందని నమ్మకం.

కోటు అందింది. జేబు ఎంత గట్టిగా కుట్టావే, కోటు చిరిగినా అది ఊడదు.

రాత్రి కలలో నా చీకటిగదిలో నేనే పడుకుని ఉన్నాను. కొలవడానికి ఎవరూ లేరు. తెర మీద వాన మాత్రం పడుతోంది. లేచాక నీ ప్రశ్న గుర్తొచ్చింది. సరేలే, చూపించుకుంటాను. అక్కడందరూ నాతో కలిసి టీ తాగేవాళ్ళే, వాళ్ళ ముందు పడుకోవాలంటే సిగ్గు, అంతే. నీ కాన్పు కానీ.

వదిన


జూలై 3

వదినా,

ఫోన్‌లో అబద్ధం చెప్పాను. ఆయన పక్కనే ఉన్నారు, ఇంకేం చెప్పను? ఏప్రిల్ తర్వాత నేను క్లినిక్ మెట్టెక్కలేదు.

కోప్పడకండి. మీరు దాచాలని చూశారు గానీ దాగలేదు. ఫొటో చూసి తెర గురించి రాశారు. తర్వాతి ఉత్తరంలో తప్పకుండా, తప్పకుండా అని పదేపదే రాశారు. కంగారు లేకపోతే మీరు అంత గట్టిగా రాసే మనిషి కాదు. లోపలి మనిషికి ఏదో వంకర ఉంది. మీకు తెలుసు, ఆ గదిలో ఇద్దరికీ తెలుసు, డాక్టరమ్మకీ తెలుసు. నాకు మాత్రం ఎవరూ చెప్పొద్దు వదినా. పోయినసారి "లేదమ్మా, గుండె ఆగిపోయింది" అని వాళ్ళు చెప్పిన రోజే నా బిడ్డ పోయింది. చెప్పకముందు వరకూ నాకు ఉంది. ఈసారి ఎవరూ కొలవకుండా, ఎవరూ చెప్పకుండా ఉంటే నా దగ్గరే ఉంటుందేమో. పిచ్చిదాన్ని అనుకోండి, పర్వాలేదు.

నిజం చెప్పనా, ఇప్పుడు చాలా బాగుంది. మబ్బులో నడుస్తున్నట్టు ఉంటున్నాను. చేతులు పాపాయి చేతుల్లా బొద్దుగా అయ్యాయి. ఉంగరం రావడం లేదు. సూది దిగకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ కూడా పట్టడం లేదు, ఇన్నేళ్ళ నా టోపీ! పొద్దున లేస్తే మొహం కూడా నిద్రతో నిండిపోయి, అద్దంలో ఎవరో కొత్త మనిషి. తలనొప్పి మాత్రం రెండు మూడు రోజులుగా వదలడం లేదు. కానీ సాయంత్రం మిషను ముందు కూర్చుంటే ఎంత అందమైన సంగతి జరుగుతోందో చెప్పనా? కళ్ళ ముందు చమ్కీలు రాలుతాయి. వెండివి, చిన్నచిన్నవి. గుడ్డ మీద, గోడ మీద, మీ తమ్ముడి మొహం మీద. పట్టుకుందామంటే ఉండవు. లోపలి మనిషి నాకోసం విసురుతున్నారేమో అనుకుంటున్నాను.

మీ సుద్దముక్క


జూలై 7, బస్సులో

అమ్మాయీ,

గతుకులకి అక్షరాలు ఎగురుతున్నాయి, కూడబలుక్కుని చదువు.

పొద్దున చీకటిగది గుమ్మంలో నీ ఉత్తరం చదివాను. చమ్కీల దగ్గర ఆగి, వేళ్ళ మీద లెక్కపెట్టాను. చేతుల వాపు, మొహం వాపు, తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు. అది కల కాదే తల్లీ, రక్తపోటు. మావాడికి ఫోన్ చేసి "స్పీకర్ తీసెయ్, తాళ్ళు విప్పుకుని నేల మీదికొచ్చి మాట్లాడు" అన్నాను. వచ్చాడు. "చెయ్యి వణికితే వణకనీ, దాన్ని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకుపో" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు వాడు. ఇందాక ఫోన్ చేసి, బీపీ చాలా ఎక్కువుందన్నారు, చేర్చుకున్నారు, సూదిమందు వేశారు అన్నాడు. చెయ్యి సంగతి తెలియదు గానీ గొంతు మాత్రం వణికింది. నేను వచ్చేసరికి నన్ను లోపలికి రానిస్తారో లేదో. అందుకే ఈ కాగితం. నర్సమ్మ చేతికిస్తే నీ చేతికిస్తుంది.

నీ ఉత్తరాలన్నీ ఒళ్ళో వేసుకుని మొదటి నుంచీ చదివాను. ఏప్రిల్‌లోనే రాశావు, మాట ఆగిందంటే వంకర కనబడినట్టేనని. చదివి నవ్వుకుని పక్కన పడేశాను. నా బుద్ధి గడ్డి తిందే.

మేము కొలిచేటప్పుడు మాట్లాడం. నువ్వు బాగున్నా మాట్లాడం, బాగోకపోయినా మాట్లాడం. మాట్లాడితే చెయ్యి కదులుతుంది, గీత జరుగుతుంది, లెక్క తప్పుతుంది. కనుబొమలు ముడిపడేది వెలుతురు చాలక. నడిచి రమ్మన్నది లోపలి మనిషి వీపు తిప్పుకుని పడుకోవడం వల్ల. తల్లి నడిస్తే బిడ్డ తిరుగుతుంది. ఆ రెండో ఆవిడ వచ్చింది కొలతలు మరోసారి సరిచూడటానికి, మేమూ అలాగే ఒకరినొకరు పిలుచుకుంటాం. నేను రోజూ ఎవరో ఒకరిని అలాగే కారిడార్‌లోకి పంపుతాను. వాళ్ళందరూ అక్కడ గోడలు పట్టుకుని ఏమనుకుంటున్నారో ఇవాళ దాకా నా బుర్రకి తట్టలేదు.

ఫొటో అడిగినప్పుడే చెప్పాల్సింది. ఇప్పుడు చెబుతాను. ఇదిగో, నా చేతిలో ఉంది. నీలాగే కొలుస్తూ మాట్లాడతాను, ఒళ్ళు వదులు చేసుకుని విను.

ఇది నుదురు. గుండ్రంగా ఉంది, గీత ఎక్కడా చెదరలేదు. ఇది ముక్కు. మావాడిదే, ఏం చేస్తాం, పెళ్ళిచూపుల్లోనే నువ్వు ఆలోచించుకోవాల్సింది. ఇది పై పెదవి, ఇది కింది పెదవి, ఇది గడ్డం. గడ్డం నీది, మొండి గడ్డం. గడ్డం కింద పిడికిలి, అందులో బొటనవేలు లోపలికి ముడుచుకుని ఉంది. ఇక్కడ మెడ వెనక నుంచి వెన్నుపూసలు దిగుతున్నాయి. నువ్వు కోటుకి గుండీలు కుట్టినా ఇంతకంటే తిన్నగా రావు. గుండె గదులు ఈ ఒక్క ఫొటోలో కనబడవు, కనబడనిది చెప్పను. వాటిని ఆ అమ్మాయి నీ ఎదురుగానే కొలిచింది. డాక్టరమ్మ చూసి బాగుందంది. ఆ మాట ఉత్త మాట. అందులో దూది లేదే.

వంకర ఉన్నది నీ రక్తపోటులో. అది కొలిస్తేనే తెలుస్తుంది, తెలిస్తేనే తగ్గిస్తారు. ఇప్పుడు వాళ్ళు పొద్దునా సాయంత్రం పట్టీ చుడతారు, పొట్టకి బెల్టు కట్టి లోపలి మనిషి గుండె చప్పుడు వింటారు. మాట్లాడకుండా చేస్తారు. చెయ్యనీ. నిన్ను పోగొట్టుకునే ధైర్యం మా అక్కాతమ్ముళ్ళ దగ్గర లేదు.

బస్సు నది దాటుతోంది. నీ బూడిదరంగు గుడ్డ పరుచుకున్నది ఇలాంటి నది మీదేనేమో.

నీ వదిన


ఆగస్టు 12

పాప తల్లికి,

మావాడు రోజూ ఫోన్ చేసి పాప బరువు చెబుతున్నాడు. మొన్న ఆస్పత్రి లిఫ్టు ఆగిపోతే బిడ్డని చూడ్డానికి వచ్చినవాడు అది బాగుచేసి గానీ కదల్లేదట. పాపని అద్దాల పెట్టెలోంచి తీసి నీ గుండెల మీద పడుకోబెట్టారని నిన్న చెప్పాడు. ఇక చెప్పలేక ఫోన్ నర్సమ్మకిచ్చేశాడు. వేళకంటే ముందే తియ్యాల్సి వచ్చింది గానీ, ఇద్దరూ దక్కారు. అది చాలు. నీ బీపీ మాత్రలు మానకు. ఇంటికొచ్చాక కూడా ఆ పట్టీ నిన్ను కొన్నాళ్ళు వదలదు, సణగకుండా చెయ్యి చాపు.

నీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఆస్పత్రి మంచం మీద పడుకుని, "నేను కొలిపించుకుంటున్నాను, మరి మీరో?" అన్నావు చూడు, ఆ మాట బస్సులో నా పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది. మా పక్క గది పిల్ల దగ్గరే స్కానింగ్ చేయించుకున్నాను, నా చీకటిగదిలో, నా మంచం మీదే. ఇన్నేళ్ళలో ఆ గది పైకప్పు ఎప్పుడూ చూడలేదే! అక్కడ ఒక తడి మరక ఉంది, ఏదో దేశం పటంలా. ఆ పిల్ల పొట్ట మీద జెల్ వేసే వరకూ జోకులేసింది. తర్వాత నోరు మూసింది. టక్కు, టక్కు. నాకన్నీ తెలుసు కదా. తెలిసి కూడా మంచం అంచు పట్టుకున్నాను. ఆ మరక వైపు చూస్తూ నా జీవితమంతా ఒకసారి తిరిగొచ్చాను. చివరికి "ఏదో ఒకటి అనవే" అన్నాను. "ఉండండక్కా, కొలుస్తున్నాను" అంది.

గర్భసంచిలో చిన్న కండపెరుగుదల ఉంటే తీసేశారు. పరీక్షకి పంపితే ప్రమాదమేమీ కాదని వచ్చింది. ముఖద్వారం దగ్గరి పరీక్ష కూడా చేశారు, బాగుంది. ఏడాదికోసారి రమ్మన్నారు, వెళ్తాను. ఈసారి చెట్టు గురించి రాయడం లేదు, చూడు.

ఇప్పుడు ఎవరొచ్చి పడుకున్నా, యంత్రం పెట్టకముందే చెబుతున్నాను: "అమ్మా, కాసేపు నేను మాట్లాడను. కొలుస్తాను. కొలిచేటప్పుడు ఎవరితోనూ మాట్లాడను. మీరు భయపడొద్దు." కొందరు నవ్వుతారు. ఒకామె నిన్న నా చేయి పట్టుకుని ఏడ్చేసింది.

మేనత్త


సెప్టెంబరు 20

మేనత్తగారికి,

ఇంటికొచ్చి వారం దాటింది. ఉంగరం మళ్ళీ వేలికి ఎక్కింది, ఇత్తడి టోపీ కూడా. నిన్న క్లినిక్‌లో నర్సమ్మ పట్టీ చుట్టి చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను. "తగ్గిందమ్మా" అంది చివర్లో. నమ్మాను.

మా పెద్దావిడ పాపకి చిన్న కోటు కుడతానని మెత్తటి గుడ్డ పంపింది. కొలతలు నువ్వే తీసి పంపు అంది. మధ్యాహ్నం పాపని కిటికీ పక్కన పడుకోబెట్టాను. ఎండ పలచగా పడుతోంది. పాప నిద్రలో ఏదో చూసి నవ్వుతోంది, లోపలున్నప్పుడు నాకొచ్చిన కలల్లో మిగిలినవేమో. టేపు తీసి భుజం నుంచి భుజానికి పెట్టాను. రెండు వేళ్ళ మధ్య పట్టేసే భుజాలు. తర్వాత చెయ్యి, తర్వాత మెడ చుట్టూ, తర్వాత ఛాతీ. టేపు కింద ఊపిరి పైకీ కిందికీ ఆడుతోంది. అది ఆగే వరకూ ఉండాలంటే కుదరదు, దాంతోపాటే కొలవాలి. నేను ఎంతసేపు అలా ఉన్నానో నాకే తెలియదు వదినా.

మీ తమ్ముడు పనినుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారట. నేను చూడలేదు. నేను కొలతలు తీసేటప్పుడు వీధి చివరికి వినబడేలా వాగుతానని ఆయనకి తెలుసు. ఇల్లంతా చడీచప్పుడు లేకపోయేసరికి ఆయన చెప్పులతోనే లోపలికొచ్చేశారు. "ఏమైంది? పాపకేమైనా ఉందా? మాట్లాడవేం?" అన్నారు.

"ఉండండి," అన్నాను. "కొలుస్తున్నాను."

మీ సుద్దముక్క